నైట్రో బగ్గీ: బెంగళూరు గాలి, బెంగళూరు దుమ్ము

నైట్రో బగ్గీ అంటే రిమోట్‌తో నడిపే, లోపల నిజమైన చిన్న ఇంజను ఉండే బొమ్మ కారు. చవకది కొన్నవాళ్ళలో చాలామంది మూడు నెలలు తిరక్కుండానే దాన్ని అటకెక్కిస్తారు. "చవక ఇంజను, ఇంతకన్నా ఏం వస్తుంది" అనేసి ఊరుకుంటారు. ఆ ఇంజన్ని ఒకసారి విప్పి చూడండి. స్లీవు (పిస్టను కదిలే గొట్టం) లోపల నిలువునా గీతలు, వెనక బేరింగు మీద ఎర్రటి తుప్పు, ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్గులో తెల్లబడి మెలికపడిన తీగ కనిపిస్తాయి. గీతలు దుమ్ము చేసిన పని. తుప్పు, ఆడించాక ఇంధనం లోపలే వదిలేసినందుకు. తెల్లబడిన తీగ, లీన్‌గా, అంటే గాలికి తగ్గ ఇంధనం అందకుండా నడిపినందుకు. ఈ మూడింటిలో ఏదీ చవకదనంతో వచ్చింది కాదు. ఖరీదైన ఇంజన్ని ఇలాగే నడిపితే అదీ ఇలాగే పోతుంది.

బెంగళూరులో నడిపేవాళ్ళకి ఇంకో రెండు సంగతులు తోడవుతాయి. ఇక్కడ గాలి పలచన, మట్టి మెత్తన. మాన్యువల్లో అంకెలు రాసినవాళ్ళు ఈ ఊరి గాలి చూసి రాయలేదు. అందుకే ఈ పోస్టులో కార్బ్ (గాలినీ ఇంధనాన్నీ కలిపే కార్బ్యురేటర్) గురించి, గాలి ఫిల్టరు గురించి ఎక్కువ చెప్తాను. రంగులు, స్టిక్కర్లు, బాడీ షెల్లుల జోలికి పోను.

కొనేటప్పుడు

మొదటి బండికి 1/10 సైజు (అసలు కారులో పదో వంతు), నాలుగు చక్రాలూ తిరిగేది, .18 ఇంజను ఉన్నది చాలు. .18 అంటే ఘనపు అంగుళాల లెక్క, మన లెక్కలో దాదాపు 3 సీసీ. హెచ్‌ఎస్‌పీ కంపెనీ 94166 మోడల్ లాంటివి ఈ తరగతే. ఈ తరహా బండి ఒకే డిజైనుతో వేరే వేరే పేర్ల మీద కూడా అమ్ముతారు కాబట్టి ఒకదాని విడిభాగాలు ఇంకోదానికి సరిపోయే అవకాశం ఎక్కువ. చవక బండి కొనేటప్పుడు చూడాల్సింది టాప్ స్పీడు కాదు, ఈ విడిభాగాల సంగతి. కింది ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి), డాగ్‌బోన్ (చక్రాన్ని తిప్పే కడ్డీ), స్పర్ గేర్ (పెద్ద పళ్ళచక్రం), క్లచ్ బెల్ (దాన్ని తిప్పే, ఇంజను వైపు చిన్న పళ్ళచక్రం) దొరక్కపోతే బండి ఎంత చవకైనా దండగే.

బండి ధరతో ఖర్చు ఆగదు. ఇంధనం, ఇగ్నైటర్ (స్టార్ట్ చేసేటప్పుడు గ్లో ప్లగ్గుని వేడిచేసేది), కనీసం మూడు స్పేర్ గ్లో ప్లగ్గులు, 8 మిల్లీమీటర్ల ప్లగ్ స్పానర్, నొక్కితే పోసే ఇంధనం సీసా, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, ఫిల్టరు ఫోములు, ఫిల్టర్ ఆయిల్, ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఆడించాక ఇంజనులో వేసే నూనె), నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూలు ఊడకుండా పట్టే జిగురు) ఉండాలి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టేయకుండా ముందు వీటికి పక్కన పెట్టుకోండి. థర్మామీటర్ లేకుండా ట్యూనింగ్ చేయడం కళ్ళకి గంతలు కట్టుకుని పోపు పెట్టినట్టే.

సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూపించమనండి. ఫ్లైవీలుని (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) వేలితో మెల్లగా తిప్పండి. పిస్టను పైకి చేరేచోట బిగుసుకుని ఆగాలి, కాస్త బలం పెడితేనే దాటాలి. ఆ బిగువునే పించ్ అంటారు. ప్లగ్ తీసేసినా ఆ బిగువు ఎంతో కొంత చేతికి తగలాలి. నున్నగా జారిపోయి గిర్రున తిరిగిందంటే స్లీవు అరిగిపోయింది. అలాంటి ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఆగిపోతే మళ్ళీ లేవదు. అమ్మేవాళ్ళు ముందే వేడిచేసి ఉంచితే ఈ తేడా తెలియదు, అందుకే చల్లటి ఇంజను అడగమంటున్నాను. తర్వాత ఫ్లైవీలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడండి, క్రాంకుకి, అంటే దాన్ని తిప్పే ఇరుసుకి, ఆట ఎక్కువ ఉండకూడదు.

ఇంధనం

పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపి పోస్తే నడుస్తుందా అని ప్రతి కొత్తవాళ్ళూ అడుగుతారు. నడవదు. ఈ ఇంజనులో స్పార్క్ ప్లగ్ లేదు. గ్లో ప్లగ్గులో ఉండే సన్నని తీగలో ప్లాటినం ఉంటుంది. మెథనాల్ ఆవిరి తగిలితే ఆ ప్లాటినం మీద రసాయన చర్య జరిగి తీగ ఎర్రగానే నిలుస్తుంది. ఇగ్నైటర్ తీసేశాక కూడా ఇంజను నడిచేది అందుకే. పెట్రోలుకి ఆ గుణం లేదు.

కారు ఇంధనంలో మామూలుగా 20 నుంచి 25 శాతం నైట్రోమీథేన్, 8 నుంచి 12 శాతం దాకా నూనె, మిగతాది మెథనాల్. .18 ఇంజనుకి 20 శాతం నైట్రో చక్కగా సరిపోతుంది. విమానాల ఇంధనం తక్కువకి దొరికిందని పోయకండి. అందులో నైట్రో తక్కువ, నూనె ఎక్కువ, ట్యూనింగ్ కుదరక విసుగొస్తుంది. 75 సీసీ ట్యాంకు నడిపే తీరునిబట్టి 8 నుంచి 10 నిమిషాలు వస్తుంది. అంటే లీటరుకి 13 ట్యాంకులు, దాదాపు రెండు గంటల ఆట. నెలకి ఎంత అవుతుందో ఈ లెక్కతో మీరే వేసుకోవచ్చు.

మెథనాల్ విషం. తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది కాబట్టి చేతి మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు. బండి అంటుకుంటే గాలి అలలు అలలుగా వణకడం, ప్లాస్టిక్ కరగడం చూసి తెలుసుకోవాల్సిందే. మెథనాల్ నీళ్ళలో కలిసిపోతుంది కనుక ఒక బకెట్ నీళ్ళు పక్కన పెట్టుకునే ఆడించండి. డబ్బా అపార్టుమెంటు బాల్కనీలో ఎండకి వదలొద్దు, పిల్లల చేతికి అందే చోట అసలే పెట్టొద్దు. ఖాళీ మంచినీళ్ళ సీసాలో ఎప్పుడూ పోయకండి. ఈ ఒక్క మాట మర్చిపోకండి.

డబ్బా మూత ప్రతిసారీ గట్టిగా బిగించాలి. మెథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది. మద్రాసులో ఉండే మనవాళ్ళకి ఈ బాధ ఎక్కువ, సముద్రపు గాలికి సగం డబ్బా ఇంధనం త్వరగా పాడవుతుంది. అలాంటి ఇంధనంతో కార్బ్ స్క్రూలు ఎంత తిప్పినా ఐడిల్ (థ్రాటిల్ ఇవ్వనప్పుడు ఇంజను నెమ్మదిగా నడవడం) నిలబడదు, తప్పు కార్బ్ మీద పడుతుంది.

స్టార్ట్ చేసే ముందు

కొత్త బండి పెట్టెలోంచి తీసిన వెంటనే ఆడించకండి. లోహానికి లోహం తగిలే ప్రతి స్క్రూ తీసి, ఓ చుక్క నీలం థ్రెడ్‌లాక్ వేసి మళ్ళీ బిగించండి. ఇంజను మౌంటు స్క్రూలు, ఫ్లైవీలు నట్టు, డ్రైవ్ షాఫ్టుల గ్రబ్ స్క్రూలు ముఖ్యం. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకి మాత్రం థ్రెడ్‌లాక్ వేయకూడదు, ప్లాస్టిక్ పెళుసుబారి పగులుతుంది.

క్లచ్ బెల్‌కీ స్పర్ గేర్‌కీ మధ్య ఎడం చూడండి. రెంటి మధ్యా నోటుబుక్కు కాగితం ఒక పట్టీ పెట్టి, ఇంజన్ని స్పర్ వైపు నొక్కి స్క్రూలు బిగించి, చక్రం తిప్పి కాగితం బయటికి తీయండి. కాగితం చిరక్కుండా పళ్ళ ముద్రలతో మడతలు మడతలుగా రావాలి. చిరిగి వస్తే మరీ దగ్గరగా ఉంది, ముద్రలు సరిగ్గా పడకపోతే దూరంగా ఉంది. దూరంగా ఉంటే స్పర్ పళ్ళు ఒక్క ట్యాంకులో ఎగిరిపోతాయి. ఈ పనికి రెండు నిమిషాలు చాలు.

ఇక రిసీవర్ (బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే డబ్బా) బ్యాటరీ. నాలుగు పెన్సిల్ సెల్లులతో వచ్చే హోల్డరులో గతుకులకి సెల్లు కదులుతుంది, కరెంటు ఒక్క క్షణం తెగుతుంది. ఆ క్షణంలో థ్రాటిల్ తెరిచి ఉంటే బండి అలాగే దూసుకుపోతుంది. దాన్ని తీసేసి ఐదు సెల్లుల 6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకు పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే బండిని ఆపే ఏర్పాటు) ఉంటే, సిగ్నల్ పోగానే బ్రేకు పడేలా సెట్ చేయండి. ఇంజను ఆపి, చక్రాలు పైకి లేపి, థ్రాటిల్ తెరిచి పట్టుకుని రిమోట్ ఆపేసి చూడండి. సర్వో (థ్రాటిల్నీ బ్రేకునీ కదిపే చిన్న మోటారు) బ్రేకు వైపు వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆరోజు బండి బయటికి తీయకండి. కార్బ్ చేతికి మూసే వైపు లాగే చిన్న స్ప్రింగు తగిలిస్తే సర్వో చచ్చినప్పుడు కూడా కాస్త రక్షణ. ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్.

బ్రేక్-ఇన్

బ్రేక్-ఇన్ అంటే కొత్త ఇంజన్ని మెల్లగా పనికి అలవాటు చేయడం. ఈ ఇంజన్లని ఏబీసీ అంటారు. అల్యూమినియం పిస్టను, ఇత్తడి స్లీవు, దాని లోపల క్రోమ్ పూత. స్లీవు పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. వేడెక్కితే ఇత్తడి పిస్టను కన్నా ఎక్కువ వ్యాకోచించి, పైన చోటిస్తుంది. అంటే ఈ ఇంజను వేడిగా ఉన్నప్పుడే సరైన కొలతకి వస్తుంది. చల్లగా, మరీ రిచ్‌గా (గాలికి మించి ఇంధనం ఇచ్చి) గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచితే మంచిదన్న పాత సలహా దీనికి పనికిరాదు. చల్లటి స్లీవులో పిస్టను ప్రతి చుట్టుకీ పైన ఒరుసుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ మీద భారం పడుతుంది.

కాబట్టి మొదటిసారి స్టార్ట్ చేసే ముందు హెయిర్ డ్రయరుతో హెడ్డుని (ఇంజను పైభాగాన్ని) 60, 70 డిగ్రీలదాకా వేడిచేయండి. డిసెంబరు ఉదయాల్లో అయితే ఇది తప్పనిసరి. చక్రాలు నేలకి తగలకుండా బండిని చిన్న పెట్టె మీద ఎత్తి పెట్టండి. మొదటి ట్యాంకు ఐడిల్ మీద, అప్పుడప్పుడు కొద్దిగా థ్రాటిల్ ఇస్తూ. హెడ్డు 95 డిగ్రీల దగ్గరుండాలి. అంత వేడి రాకపోతే హెడ్డు చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. వేడి రావడంలేదని కార్బ్ మీది నీడిల్ స్క్రూ బిగించి లీన్ చేయకూడదు.

ట్యాంకు అయ్యాక ఇంజన్ని పూర్తిగా చల్లారనివ్వాలి, పావుగంట పైనే పడుతుంది. చల్లారేటప్పుడు పిస్టను కిందే ఉండాలి. పైన ఉంటే స్లీవు దాన్ని పట్టేసి చల్లారుతుంది, పించ్ సాగిపోతుంది. దీనికి ఒక ఉపాయం: ప్లగ్ తీసినప్పుడు పిస్టను అట్టడుగున ఉండే చోట ఫ్లైవీలు మీద మార్కరుతో గీత గీసి పెట్టుకోండి. ఇక ఎప్పుడు ఆపినా ఆ గీత పైకి వచ్చేలా తిప్పి వదిలేస్తే చాలు.

రెండో ట్యాంకు నేల మీద మెల్లగా, సగం థ్రాటిల్ దాటకుండా. మూడు, నాలుగు ట్యాంకుల్లో ఒక్కోదానికీ కొంచెం కొంచెం లీన్ చేస్తూ, రెండేసి సెకన్లు థ్రాటిల్ ఎక్కువ ఇచ్చి వదిలేస్తూ. ఐదు, ఆరు ట్యాంకుల్లో పూర్తి థ్రాటిల్ చూడొచ్చు. మొత్తం ఆరు ట్యాంకులు, 450 సీసీ, సుమారు అర లీటరు. ఆ అర లీటరు ఆట కాదు, ఇంజనుకి పెట్టుబడి. ఇక్కడ తొందరపడినవాళ్ళే తర్వాత కొత్త స్లీవు, పిస్టను కొంటారు.

కార్బ్, ఈ ఊరి గాలి

కార్బ్‌కి మూడు స్క్రూలు. హై స్పీడ్ నీడిల్ పూర్తి వేగంలో ఇంధనం ఎంత వెళ్ళాలో చూస్తుంది. లో స్పీడ్ నీడిల్ ఐడిల్‌లో, థ్రాటిల్ ఇచ్చిన మొదటి క్షణంలో. ఐడిల్ స్క్రూ గాలి సందుని పట్టి ఉంచుతుంది, అది దాదాపు 1 మిల్లీమీటరు ఉంటే చాలు. నీడిల్ బిగిస్తే ఇంధనం తగ్గి లీన్, వదులు చేస్తే రిచ్. కంపెనీ సెట్టింగ్ తప్పిపోతే హై స్పీడ్ నీడిల్ని మెత్తగా ఆగేదాకా బిగించి, అక్కణ్ణుంచి మూడు చుట్లు వదులు చేసి మొదలుపెట్టండి. చివర్లో గట్టిగా బిగిస్తే నీడిల్ మొన చెడుతుంది.

ఎంత తిప్పాలన్నది గడియారంతో గుర్తుపెట్టుకోండి. స్క్రూ గాడిని ముల్లు అనుకుంటే, ఒక్కసారికి ఒక గంట దూరం మాత్రమే కదపాలి. కదిపాక ఒక రౌండు నడిపి, వేడి చూసి, అప్పుడు ఇంకో గంట. నాలుగైదు గంటలు ఒకేసారి తిప్పేసి "ఇప్పుడు బాగుందా" అని చూస్తే మొదట ఎక్కడున్నామో కూడా మర్చిపోతాం. ముందు హై స్పీడ్, తర్వాత లో స్పీడ్, ఆఖరున ఐడిల్. వరస మార్చొద్దు.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం మద్రాసుతో పోలిస్తే 10 శాతం దాకా తక్కువ. గాలి తక్కువైనప్పుడు అంతే ఇంధనం పోస్తే మిశ్రమం రిచ్ అవుతుంది. అందుకే సముద్రమట్టానికి సరిపోయే సెట్టింగ్‌తో ఇక్కడ బండి పొగ ఎక్కువ వదులుతూ, బరువుగా లాగుతుంది. బ్రేక్-ఇన్‌కి అది మేలే. ఆ తర్వాత ఒక్కో గంట చొప్పున లీన్ వైపు రావాలి. శక్తి కొంత తగ్గడం ఈ ఎత్తులో సహజం. ఆ తగ్గిన శక్తిని నీడిల్‌తో రాబట్టాలని చూస్తే ఇంజను కాలిపోతుంది.

సంక్రాంతికి బండిని నెల్లూరో విజయవాడో తీసుకెళ్ళేవాళ్ళు దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ చక్కగా ట్యూన్ చేసిన బండి అక్కడి చిక్కటి గాలిలో లీన్ అయిపోతుంది. మొదటి స్టార్టుకి ముందే హై స్పీడ్ నీడిల్ రెండు గంటలు వదులు చేసి, వేడి చూస్తూ వెనక్కి రండి. ఇంధనం మాత్రం రైల్లో, బస్సులో తీసుకెళ్ళకూడదు. మంటపట్టే సరుకు, చట్టమూ ఒప్పుకోదు.

ఒకే ఊళ్ళో కూడా పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఉంటుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీలు అనుకుంటే గాలి సాంద్రతలో 6 శాతం తేడా. వేసవిలో ట్యూన్ చేసి వదిలేసిన బండిని చలికాలం తెల్లవారుజామున అలాగే నడపకండి, లీన్ అవుతుంది. ఒక గంట రిచ్ చేసి మొదలుపెట్టండి.

లీన్ అంటే ఇంత భయం ఎందుకంటే, ఈ ఇంజనుకి వేరే నూనె ట్యాంకు లేదు. నూనె ఇంధనంలోనే వస్తుంది. ఇంధనం తగ్గిస్తే నూనె తగ్గుతుంది, చల్లబరిచేదీ తగ్గుతుంది. లీన్ అవుతున్న కొద్దీ కూత సన్నబడి బండి ఇంకా వేగంగా పోతున్నట్టే ఉంటుంది. ఆ వేగం చూసి ఇంకో గంట బిగించబుద్ధవుతుంది. అక్కడ చెయ్యి ఆపుకోవాలి. రెండు మూడు నిమిషాలు గట్టిగా నడిపాక ప్లగ్ మొదట్లో థర్మామీటర్ పెడితే 105 నుంచి 120 డిగ్రీలు రావాలి. 130 దాటితే వెంటనే ఆపి రిచ్ చేయండి. పూర్తి వేగంలో సన్నని నీలిపొగ తోక కనిపిస్తూనే ఉండాలి. థర్మామీటర్ ఆరోజు లేకపోతే హెడ్డు మీద ఒక నీటిచుక్క వేయండి. మూడు నాలుగు సెకన్లలో చిటపటమంటూ ఆవిరైతే సరే, పడీపడగానే ఎగిరిపోతే వేడి మించింది.

లో స్పీడ్ నీడిల్‌కి పరీక్ష వేరు. ఇంజను వేడిగా ఐడిల్‌లో ఉన్నప్పుడు కార్బ్ దగ్గర ఇంధనం గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టండి. రెండు నుంచి నాలుగు సెకన్లు నడిచి, శబ్దం కొంచెం పెరిగి ఆగిపోవాలి. వెంటనే ఆగితే లీన్. చాలాసేపు నడిచి, బాగా పెరిగి ఆగితే రిచ్.

ఎంత తిప్పినా ట్యూన్ నిలబడటం లేదు, ఐడిల్ ఒకసారి పైకి ఒకసారి కిందికి పోతోంది అంటే నీడిల్ వదిలేసి గాలి లీకు వెతకండి. చవక ఇంజన్లలో ఇది మామూలే. కార్బ్ మెడ దగ్గర ఓ-రింగు, వెనక ప్లేటు, ట్యాంకు మూత రబ్బరు, మఫ్లరు నుంచి ట్యాంకుకి వచ్చే ప్రెషర్ గొట్టం చూడండి. జేసీ రోడ్డులో బైకు స్పేర్లు అమ్మే షాపుల్లో వేడికి తట్టుకునే సిలికాన్ గాస్కెట్ ట్యూబు దొరుకుతుంది. కార్బ్ మెడకీ వెనక ప్లేటుకీ నూలుపోగంత సన్నగా రాసి, ఒక రాత్రి ఆరనిచ్చి బిగిస్తే సగం ఇంజన్లు దారికొస్తాయి. లోపలికి పొంగేలా రాస్తే ఆ ముక్క ఊడి ఇంజనులో పడుతుంది, జాగ్రత్త.

ఫిల్టరు

ఇక్కడి ఖాళీ సైట్లలో ఎర్రమట్టి ఎండితే గంధంలా మెత్తగా లేస్తుంది. అందులోని సన్న ఇసుక రేణువు స్లీవులోకి వెళ్ళిందంటే పిస్టనుకీ స్లీవుకీ మధ్య ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. పొడి ఫోము ఈ రేణువుల్ని ఆపలేదు, నూనె జిగురుకే అవి అంటుకుని ఆగుతాయి. బండితో వచ్చిన ఫోము చాలాసార్లు పొడిగానే ఉంటుంది. కొత్త బండి తెచ్చిన రోజే ముందు దానికి నూనె పట్టించండి.

ఫోముని జిప్ కవరులో వేసి, ఫిల్టర్ ఆయిల్ ఓ చెంచాడు పోసి, కవరు మూసి ఫోము అంతా ఒకే రంగు వచ్చేదాకా పిసకండి. ఎక్కడా తెల్ల మచ్చ మిగలకూడదు. తర్వాత అదనపు నూనె పిండేయండి, కారుతుంటే గాలి అందదు. ఇలాంటివి మూడు తయారుచేసి జిప్ కవర్లలో పెట్టుకుంటే మైదానంలో మార్చడం నిమిషం పని. మూడు నాలుగు ట్యాంకులకి ఒకటి మార్చాలి, దుమ్ము బాగా లేస్తుంటే ఇంకా ముందే. వాడినదాన్ని కిరోసిన్‌లో ఉతికి, సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక మళ్ళీ నూనె పట్టించండి.

ఫిల్టరు తీశాక కార్బ్ మెడ లోపల తెల్లబట్ట కొసతో ఒకసారి తుడవండి. బట్ట తెల్లగా వస్తే అంతా బాగున్నట్టు. ఎర్రటి చార కనిపిస్తే దుమ్ము ఫోము గుండా కాదు, పక్కనుంచి దూరుతోంది. ఫిల్టరు రబ్బరు మెడ దగ్గర జిప్ టై వదులైంది, లేదా రబ్బరు చీలింది. అది సరిచేసేదాకా స్టార్ట్ చేయకండి.

మొరాయించినప్పుడు

స్టార్ట్ కాకపోతే మొదట ప్లగ్ తీసి ఇగ్నైటర్‌కి పెట్టి చూడండి. తీగ మొత్తం నారింజ రంగులో వెలగాలి. వెలుగు మసగ్గా ఉంటే ఇగ్నైటర్ చార్జింగ్ అయిపోయింది, వెలగకపోతే ప్లగ్ పోయింది. నూటికి తొంభైసార్లు కథ ఇక్కడే తేలుతుంది. ఇగ్నైటర్ ఉన్నంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతున్నా ముందు ప్లగ్గునే అనుమానించండి, తర్వాత లో స్పీడ్ రిచ్‌ని.

స్టార్ట్ చేసే తాడు లాగుతుంటే గట్టిగా పట్టేస్తే సిలిండరులో ఇంధనం నిండింది. బలవంతంగా లాగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా తాడు తెగుతుంది. ప్లగ్ తీసి, బండి బోర్లించి, రంధ్రం మీద గుడ్డ కప్పి నాలుగైదుసార్లు లాగండి. ఇంధనం ఎగజిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టుకోవాలి. మామూలుగా కూడా తాడుని జానెడున్నర మించి లాగకూడదు. చివరిదాకా గుంజితే లోపలి స్ప్రింగు ఊడుతుంది.

థ్రాటిల్ ఇవ్వగానే పొగతో గునిసి, ఆగి ఆగి అందుకుంటే లో స్పీడ్ రిచ్. పొగ లేకుండా టక్కున ఆగిపోతే లీన్. పూర్తి వేగం నుంచి వదిలాక ఐడిల్ వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే లీన్, లేదా గాలి లీకు.

ఐడిల్‌లోనే బండి ముందుకి పాకుతుంటే ఐడిల్ ఎక్కువ పెట్టారు, లేదా క్లచ్ స్ప్రింగు తెగింది. క్లచ్ బెల్ లోపలి బేరింగులు ఈ బండిలో ముందుగా పోయే భాగం. వేడి, దుమ్ము రెండూ అక్కడే. బెల్ వేలితో తిప్పితే గరగరమంటే మార్చేయాల్సిందే. కాలిపర్‌తో కొలిచి లోపలి వ్యాసం 5, బయటి వ్యాసం 10, మందం 4 మిల్లీమీటర్లు అయితే ఎంఆర్105 అని ఎస్పీ రోడ్డు బేరింగు షాపులో అడగండి. చక్రాల హబ్బుల్లో 10, 15, 4 కొలత ఉంటే అది 6700. హాబీ ప్యాకెట్లో కొనేదానికన్నా విడిగా కొంటే బాగా కలిసొస్తుంది.

ప్లగ్గు ఇంజను ఆరోగ్యాన్ని చెబుతుంది. తీసినప్పుడు తీగ తడిగా మెరుస్తుంటే కాస్త రిచ్, భయం లేదు. తెల్లగా, బూజు పట్టినట్టు, మెలికపడి ఉంటే లీన్. తీగ మీద సన్నని లోహపు చుక్కలు అంటుకుని గరుగ్గా ఉంటే వెనక బేరింగో కనెక్టింగ్ రాడ్డో పొడి రాలుతోంది. ఆ గుర్తు కనిపించాక ఇంకో ట్యాంకు కూడా నడపకండి. బేరింగు ఒక్కటి మార్చి బయటపడొచ్చు, ఆలస్యమైతే స్లీవూ పిస్టనూ కూడా పోతాయి.

ఎక్కడ, ఎప్పుడు

ఈ ఇంజను కూత ఒక ఫర్లాంగు వినిపిస్తుంది. పార్కులు, అపార్టుమెంటు ఆవరణలు, ఆస్పత్రి పక్క సైట్లు వద్దు. లేఅవుట్ల చివర ఖాళీ నేల, అదీ సొంతదార్ని అడిగి, బాగా తెల్లారాకే. ముందు ఒకసారి నడిచి చూడండి. నేల్లోంచి పొడుచుకొచ్చిన కడ్డీ ముక్క తగిలితే కింది ఆర్మ్ విరుగుతుంది. చుట్టూ ఎండుగడ్డి ఉంటే ఆరోజు మానుకోండి. పిల్లలు చూడటానికి పరుగున వస్తారు. వాళ్ళని మీ వెనక నిలబెట్టండి, ఎదురుగా కాదు. ఆ వేగంలో బండి కాలికి తగిలితే ఎముక విరుగుతుంది.

బండిని ఆపడానికి మఫ్లరు కొసని మందపాటి గుడ్డతో మూయండి, లేదా ఇంధనం గొట్టం నొక్కండి. గాలి ఫిల్టరు పీకి ఆపొద్దు, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది.

ఇంటికొచ్చే ముందు

ట్యాంకులో మిగిలిన ఇంధనం సీసాతో వెనక్కి లాగేయండి. మళ్ళీ స్టార్ట్ చేసి గొట్టంలో ఉన్నదంతా ఐడిల్ మీద కాలిపోనివ్వండి. వేడి తగ్గాక ప్లగ్ తీసి, రంధ్రంలో మూడు నాలుగు చుక్కలు, కార్బ్‌లో మూడు నాలుగు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి, తాడు పదిసార్లు మెల్లగా లాగండి. నూనె వెనక బేరింగుదాకా చేరుతుంది. ప్లగ్ పెట్టేసి, ఫ్లైవీలు మీది గీత పైకి తెచ్చి వదలండి. వానాకాలంలో, మద్రాసులో అయితే ఏడాది పొడవునా, ఇది అదేరోజు చేయాలి. రేపు అనుకుంటే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది.

రిసీవర్ బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. మట్టి బ్రష్షుతో దులపండి, నీళ్ళ పైపు పెట్టొద్దు. ఎనిమిది పది ట్యాంకులకి ఒకసారి షాకుల్లో ఆయిల్ చూడండి, మురికిగా ఉంటే 30 లేదా 40 వెయిట్ (చిక్కదనం) ఆయిల్ పోయండి. డాగ్‌బోన్ కొసలు, కింది ఆర్మ్‌ల పిన్నులు చేత్తో కదిపి చూసి, ఆట వచ్చినవి ఓ కాగితం మీద రాసి బండి మీదే అంటించండి. వచ్చేవారం ఎస్పీ రోడ్డుకి వెళ్ళేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుంటే సరిపోతుంది.